వీపు మీద ఏడు రోజుల పరీక్ష

ఈ ఉదయం సేఫ్టీ బూట్ల తాళ్లు నేనే కట్టుకున్నాను. దీన్ని రాయడమేంటని అనిపించవచ్చు. పోయిన డిసెంబరులో ఆ పని నాకోసం మా గదిలో ఉండే దస్తగిరన్న చేసేవాడు. నా వేళ్లు వంగేవి కావు. వంచితే కణుపుల దగ్గర చర్మం చిట్లి నెత్తురు వచ్చేది.

ఇప్పుడు చేతులు బాగున్నాయి. బాగైనాకే రాయగలుగుతున్నాను. రెండు కారణాలున్నాయి. ఒకటి, జరిగినదాన్ని వరసలో పెట్టుకుంటే తప్ప నా మనసు కుదురుగా ఉండదు. రెండోది, మా క్యాంపు మెస్సులో రోజూ చాలామంది చేతులు చూస్తున్నాను. కొందరు నేను చేసిన తప్పే చేస్తున్నారు.

నా పేరు మస్తాన్. ఊరు ప్రొద్దుటూరు. మేం దూదేకులవాళ్లం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. సౌదీలోని రాబిగ్‌లో రిఫైనరీకి పనిచేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. పైపుల్లో ఒత్తిడి, వేడి కొలిచే పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో చూడటం నా పని. ఈ జబ్బు ముదిరేనాటికి నాకు పెళ్లయి పద్నాలుగు నెలలు. అందులో రేష్మా, నేనూ ఒకే ఇంట్లో ఉన్నది నలభై రెండు రోజులు.

ఆగస్టు నుంచి డిసెంబరు

ఆగస్టు చివర్లో కుడిచేతి వేళ్ల సందుల్లో చిన్న చిన్న నీటిపొక్కులు వచ్చాయి. సముద్రం పక్కన ఆ నెలలో గ్లవ్స్ తీస్తే లోపలినుంచి చెమట ధారగా కారుతుంది. అందరికీ వచ్చేదే అనుకున్నాను. వీడియో కాల్‌లో రేష్మాకు చూపించాను. ఆమె ఆ సాయంత్రమే బజారులోని మెడికల్ షాపుకు పోయి, దురదకు, పుండుకు, తామరకు అన్నిటికీ పనిచేస్తుందని చెప్పి ఇచ్చిన ట్యూబు కొనింది.

మా క్యాంపులో ఒక పద్ధతి ఉంది. సెలవు మీద ఊరికి పోయినవాడు తిరిగి వచ్చేటప్పుడు తక్కినవాళ్ల ఇళ్లనుంచి తలా ఒక పార్సిల్ తెస్తాడు. ఎవరి పార్సిల్ ఎన్ని గ్రాములు ఉండాలో లెక్కగట్టి అందరి ఇళ్లకూ మెసేజ్ పెట్టేది నేను. ఆ మెసేజ్‌లో మొదటి నియమం నేను పెట్టిందే: అట్టపెట్టెలు, లోపలి కాగితాలు తీసేసి వస్తువు మాత్రమే పంపాలి. రేష్మా ఆ నియమాన్ని తప్పకుండా పాటించింది. ట్యూబులు బోడిగా, ఒక పాత చున్నీ ముక్కలో చుట్టుకుని వచ్చాయి.

రాసిన మూడో రోజుకు ఎరుపు తగ్గింది. "నువ్వు డాక్టరు కావాల్సిందే" అన్నాను. ఆమె ఎంత సంతోషపడిందో. అప్పటినుంచి మా కాల్ మొదలయ్యేదే ఆ ప్రశ్నతో.

"ఏమబ్బా, రాస్తివా?"

"రాసినా."

"రెండు పూటలా?"

"రెండు పూటలా."

ఆ ట్యూబు మూత తిప్పినప్పుడల్లా ఆమె నా పక్కన కూర్చున్నట్టుండేది. పదిరోజులకు పొక్కులు మళ్లీ వచ్చాయి, ఇంకొంచెం ఎక్కువగా. ఇంకొంచెం ఎక్కువ రాశాను, తగ్గింది. మళ్లీ వచ్చింది. అక్టోబరుకు మణికట్టు దాటింది. నవంబరులో మెడ మీదికి ఎక్కింది. డిసెంబరులో ఒకరోజు పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బి కళ్లు సగమే తెరుచుకున్నాయి. అద్దంలో చూసుకుని భయపడ్డాను. ఆ రోజు రేష్మాకు నెట్ సరిగ్గా లేదని చెప్పి మాట మాత్రమే వినిపించాను.

నేనూరికే కూర్చోలేదు. ఒక పట్టిక పెట్టాను. తేదీ, డ్యూటీ ఏ యూనిట్‌లో, ఏ గ్లవ్స్, ఏ సబ్బు, ఏం తిన్నాను, దురద సున్నా నుంచి అయిదు దాకా ఎంత. వారానికొక వస్తువు మానేసి చూశాను. మొదట సబ్బు, తర్వాత షాంపూ, తర్వాత శుక్రవారం పూసుకునే అత్తరు. మూడు నెలల పట్టికలో మందుకు మాత్రం గడి లేదు. మందు జబ్బుకు ఎదుటిపక్షం కదా, దాన్ని అనుమానితుల్లో ఎందుకు రాస్తాం?

డిసెంబరు చివర కంపెనీ క్లినిక్‌లో డాక్టరు నా రెండు చేతులూ తిప్పి చూసి పెన్ను కింద పెట్టాడు.

"ఇది గ్లవ్స్‌లోని రబ్బరు పడకపోవడం కావచ్చు. అదే అయితే నీకు సైట్ ఫిట్‌నెస్ రాయలేను. గ్లవ్స్ లేకుండా లోపలికి పంపరు, నీకు తెలుసు."

నాకు తెలుసు. ఫిట్‌నెస్ కాగితం ఫిబ్రవరి ఆఖరుకు కొత్తది కావాలి. అది లేకపోతే కాంట్రాక్టు పొడిగించరు. పొడిగించకపోతే ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపేస్తారు. పొడిగిస్తే రేష్మాకు విజిట్ వీసా పెట్టుకోవచ్చని ఏడాదిగా ఇద్దరం అనుకుంటున్నాం. ఇదంతా నా చేతుల చర్మం మీదికి వచ్చి నిలబడింది. డాక్టరు జిద్దాలో ఒక ఆసుపత్రి చర్మ విభాగానికి రాశాడు. ప్యాచ్ టెస్ట్ చేస్తారు, ఏది పడదో తేలుతుంది అన్నాడు.

ఆ రోజుల్లో దస్తగిరన్న లేకపోతే ఏమయ్యేవాణ్ణో. ఆయనది మైదుకూరు దగ్గర, వయసు యాభై దాటింది, కంపెనీ వ్యాన్ డ్రైవరు. ఉప్పూ కారం తగిలితే నా చేతులు మండుతాయని అన్నం ఆయనే కలిపి స్పూను చేతికిచ్చేవాడు.

"తినబ్బీ. ముద్దలు పెట్టేదానికి నీ పెండ్లాం వస్తుందిలే. అంతదాకా ఈ స్పూనుతో కాపరం చెయ్."

జనవరి, జాబితా

ఆసుపత్రి నుంచి ఫోన్ చేసిన నర్సు మూడు మాటలు చెప్పింది. చర్మానికి తగిలే సొంత వస్తువులన్నీ పేర్లు కనబడే లేబుళ్లతో తీసుకురావాలి. వారం ముందునుంచి వీపు మీద ఏ ఆయింట్‌మెంటూ రాయకూడదు. వీపుకు ఎండ తగలకూడదు.

వీపు మీద నేనెప్పుడూ ఏమీ రాయలేదు. రాసేది చేతులకే. కాబట్టి ఆ మాట నాకు వర్తించదనుకున్నాను.

సొంత వస్తువులన్నీ అన్నమాట మాత్రం నాకు బాగా నచ్చింది. రెండు సాయంత్రాలు కూర్చుని జాబితా చేశాను. మూడు రకాల గ్లవ్స్. హెల్మెట్ లోపలి పట్టీ. గ్రీజు వదిలించే గరుకు సబ్బు. వాచీ బెల్టు. ఫోన్ కవరు. స్క్రూడ్రైవర్ పిడి. కొబ్బరినూనె. లాండ్రీలో యూనిఫారాలు ఉతికే బంగ్లాదేశీ భాయిని అడిగి ఒక చెంచా పొడి. యూనిఫారం కాలరు లోపలినుంచి కత్తిరించిన గుడ్డముక్క. మొత్తం ముప్పై నాలుగు. ఒక్కొక్కటి జిప్ కవర్లో వేసి నంబరు అంటించాను. ఆసుపత్రి పంపిన ఫారంలో "వాడుతున్న మందులు" అని ఉన్నచోట "లేవు" అని రాశాను. మాత్రలేవీ మింగడం లేదు మరి.

ఆ ట్యూబు అప్పుడు నా చొక్కా జేబులోనే ఉంది.

మొదటి ఆదివారం

జిద్దాకు దస్తగిరన్న వ్యాన్‌లోనే పోయాం. ఆ రోజు జిద్దా ఎయిర్‌పోర్టు డ్యూటీ తనకు పడేట్టు ఇంకో డ్రైవరుతో మార్చుకున్నాడని తర్వాత తెలిసింది.

వెయిటింగ్ హాల్లో అందరి ఒళ్లోనూ సంచులే. అది వింతగా ఉండింది. ఒకామె దగ్గర నెయిల్ పాలిష్ సీసాలు, ఒక పెద్దాయన దగ్గర చెప్పులు. జబ్బును సంచిలో వేసుకుని వచ్చినట్టున్నాం. ఏ సంచిలో ఎవరి శత్రువు ఉందో ఎవరికీ తెలియదు.

నేను రేష్మాతో ఫోన్ మాట్లాడి పెట్టేయగానే పక్క కుర్చీలోని ఆమె అడిగింది.

"బాబూ, తెలుగేనాండీ మీరు?"

నల్లటి అబాయాలో ఉన్న నలభై అయిదేళ్ల మనిషి. రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని ఉంది. పేరు సుందరమ్మ అని, రాజోలు దగ్గరని, ఆరేళ్లుగా జిద్దాలో ఒకరింట్లో పనిచేస్తున్నానని చెప్పింది. వాళ్ల మేడమ్ కారిడార్‌లో ఫోన్ మాట్లాడుతూ తిరుగుతోంది.

"మేడమే తీసుకొచ్చిందండి. నా చేత్తో పెట్టిన టీ తాగడానికి పిల్లలు భయపడిపోతన్నారంట. ఇది తగ్గకపోతే పంపించేత్తారేమోనండి."

ఆమె సంచిలో గిన్నెల సబ్బు, నేల తుడిచే బ్లీచింగు నీళ్లు, రబ్బరు గ్లవ్స్, నలిగిన ఒక చిన్న ట్యూబు ఉన్నాయి. ఫారం నింపలేదు, ఇంగ్లీషు రాదంది. నేను నింపి పెడతానన్నాను. గర్వంగానే అన్నాను. ఒక్కొక్కటి అడిగి రాశాను. ట్యూబు దగ్గరికి వచ్చేసరికి ఆగాను.

"ఇదేంటమ్మా?"

"మందండి. మా ఊరినుంచి వచ్చినమ్మాయి ఇచ్చింది. ఇది కూడా రాసుకుంటన్నాను కదండీ చేతులకి, అందుకని తెచ్చేను."

"మందు అవసరం లేదమ్మా. వస్తువులే అడిగారు. ఇది సంచిలో పెట్టేసుకోండి."

"అంతేనంటారా?"

"అంతే" అన్నాను. ఆమె ట్యూబును తీసి లోపల పెట్టుకుంది. నేను నా ముప్పై నాలుగు కవర్లను మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకున్నాను.

డాక్టరమ్మ సూడాన్ దేశస్థురాలు. పెద్దావిడ, గొంతు చాలా మెత్తన. నా కవర్లన్నీ బల్లమీద పరిపించి, జాబితా మొత్తం చదివి, కళ్లద్దాలు తీసింది.

"ఇంత శుభ్రంగా తెచ్చిన మనిషిని నేను చూడలేదు. కానీ నాయనా, నీ వీపు ఇంత వెడల్పు లేదు."

నవ్వు వచ్చింది. ఎన్నో వారాల తర్వాత. ఆమె పద్నాలుగు ఏరింది. సబ్బులూ పొడులూ నేరుగా పెడితే ఎవరి చర్మమైనా కాలుతుందట, వాటిని నీళ్లలో బాగా పలచన చేయించింది. గ్లవ్స్‌ను చిన్న చిన్న ముక్కలు కత్తిరించింది. ఇవికాక లోకంలో ఎక్కువమందికి పడని పదార్థాలు ఆసుపత్రి దగ్గరే ఉంటాయి, అవి ఒక వరుస. అన్నిటినీ చిన్న చిన్న బిళ్లల్లో పెట్టి పట్టీలతో వీపంతా అతికించారు. ఏ గడిలో ఏముందో ఒక కాగితం మీద వీపు బొమ్మ గీసి రాసుకున్నారు. నేను దాన్ని ఫోటో తీసుకున్నాను.

మంగళవారం దాకా స్నానం లేదు, చెమట పట్టకూడదు, బరువులు ఎత్తకూడదు. బయటికి రాగానే దస్తగిరన్న నా బిగుతు చొక్కా చూసి, పట్టీలు ఊడిపోతాయని నేరుగా బలద్‌కు, జిద్దా పాత బజారుకు, తీసుకుపోయాడు. అక్కడి అంగట్లో నాకు రెండు సైజులు పెద్దదైన తెల్లటి తోబు కొన్నాడు, అరబ్బులు వేసుకునే పొడుగు అంగీ. ఆ రోజు క్యాంపులో దిగగానే మెస్సు దగ్గర ఎవరో అన్నారు.

"లెయ్యండ్రా, కఫీల్ వచ్చినాడు." కఫీల్ అంటే మమ్మల్ని పనికి తెచ్చుకున్న అరబ్బు యజమాని.

మంగళవారం

పట్టీలు తీసేటప్పుడు చలివేసింది. నర్సు ప్రతి గడి చుట్టూ పెన్నుతో గుర్తులు పెట్టింది. అరగంట బయట కూర్చోబెట్టి మళ్లీ పిలిచారు. డాక్టరమ్మ లైటు దగ్గరికి లాక్కుని, ఒక్కో గడినీ వేలికొసతో తాకుతూ పోయింది. నల్లని చర్మం మీద ఎరుపు కంటికి సరిగా తెలియదు, వేలికి తెలుస్తుంది అంది. ఒకచోట ఆ వేలు ఆగింది.

"ఏదమ్మా అది?"

"నీ ఆరో నంబరు."

ఆరు, నేను రోజూ వేసుకునే గ్లవ్స్.

"ఇప్పుడే ఏమీ అనుకోకు. ఒత్తిడివల్ల, చెమటవల్ల కూడా ఇట్లా అవుతుంది. నిజమైన అలర్జీ అయితే గురువారానికి పెరుగుతుంది, కాకపోతే తగ్గుతుంది."

నేను అనుకోకుండా ఎట్లా ఉంటాను? రాబిగ్ దారిలో వీపు బొమ్మ ఫోటో తెరిచి ఆరో గడినే చూస్తూ కూర్చున్నాను. దస్తగిరన్న రెండుసార్లు నావైపు చూసి, మూడోసారి అడిగాడు.

"రబ్బరేనంటనా?"

"గురువారం చెప్తారంటన్నా."

"అయితే గురువారం ఏడుద్దాం. ఈ పొద్దు నిద్రపో." కొంచెంసేపటికి మళ్లీ అన్నాడు. "నేనొచ్చి పంతొమ్మిదేండ్లాయ. మూడుసార్లు ఎగ్జిట్ అన్నారు, మూడుసార్లూ ఉండా. నీకు మాత్రం ఈసారి చెప్పలేనబ్బీ. అబద్ధం చెప్పి ధైర్యమిచ్చేది నాకు చేతకాదు."

ఆ మాటే నాకు ధైర్యమైంది, ఎందుకో.

సాయంత్రం రేష్మా అడిగింది, రాస్తివా అని. రాసినా అన్నాను. నిజంగానే చేతులకు రాశాను. గ్లవ్స్ సంగతి చెప్పలేదు. ఆమె విజిట్ వీసాకు ఫోటోలు తీయించుకుని వచ్చి ఉంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో చెవులు కనబడాలన్నారట. "చెవులు పెద్దగా పడినాయి" అని చూపించింది. బాగున్నాయన్నాను.

గురువారం

ఆరో గడి చల్లబడింది. వేలికి ఏమీ తగలడం లేదంది డాక్టరమ్మ. రబ్బరు కాదు. నేను మంచం అంచు పట్టుకుని కూర్చున్నాను. కానీ తక్కిన గడులు కూడా ఖాళీనే. ముప్పై నాలుగులో పద్నాలుగు, ఆసుపత్రి వరుస మొత్తం, ఎక్కడా ఏమీ లేదు.

"గ్లవ్స్ మంచివని కాగితం రాసిస్తారా?" అని అడిగాను.

"రాస్తాను. కానీ ఈ చేతులు చూసి మీ డాక్టరు ఫిట్ అని రాయడు. నేనైనా రాయను. కారణం దొరకాలి." ఆమె నా అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని చూసింది. చిట్లిన ఆ చేతిని గ్లవ్స్ లేకుండా ముట్టుకున్న మొదటి డాక్టరు ఆమె. "కొన్ని పదార్థాలు ఆలస్యంగా పలుకుతాయి. గుర్తులు చెరిపేయకు. ఏదైనా లేస్తే ఆదివారం రా."

శనివారం

మధ్యాహ్నం ఎడమ భుజం ఎముక కింద ఒకేచోట దురద మొదలైంది. గోడకు ఆనుకుని రుద్దుకోబోతుంటే దస్తగిరన్న కసిరాడు.

"ఆగు. చొక్కా ఎత్తు." వేలితో తడిమాడు. "ఎర్రగా ల్యా గానీ, చెనిక్కాయ గింజంత గట్టిగా తగుల్తాంది. సన్న పొక్కులు గూడా లేసినాయి."

ఫోటో తీయించుకుని వీపు బొమ్మతో సరిచూశాను. అది నా కవర్ల పట్టీ కాదు. ఆసుపత్రి వరుసలో ఒక గడి. అక్కడ రాసి ఉన్న పేరు నియోమైసిన్. నా జాబితా మొదటినుంచి చివరిదాకా చదివాను. ముప్పై నాలుగులో ఎక్కడా ఆ పేరు లేదు.

రెండో ఆదివారం

డాక్టరమ్మ వేలు ఆ గడి దగ్గర చాలాసేపు ఆగింది.

"ఇదీ. ఇది ఒక యాంటీబయాటిక్. ఆయింట్‌మెంట్లలో వేస్తారు. ఏ ఆయింట్‌మెంట్ రాస్తున్నావు?"

"వీపు మీద ఏమీ రాయలేదు డాక్టర్."

"వీపు కాదు. చేతుల మీద."

నా చేయి దానంతటదే జేబులోకి పోయింది. ట్యూబు తీసి ఆమె చేతిలో పెట్టాను. అట్టపెట్టె లేదు, కాగితం లేదు, కింద మడిచిన చోట అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. ఆమె భూతద్దం పెట్టి చదివింది. నాలుగు మందులు కలిపిన ట్యూబు అది. ఒకటి స్టెరాయిడ్, రెండోది నియోమైసిన్.

"ఎన్నాళ్లనుంచి?"

"అయిదు నెలలు. రెండు పూటలా."

ఆమె విసుక్కోలేదు. మొదట వచ్చింది చెమటపొక్కులేననీ, గ్లవ్స్ కొంచెం ఆరబెట్టుకుంటే వారంలో పోయేవనీ చెప్పింది. తర్వాతదంతా ఈ ట్యూబు పని. అందులోని స్టెరాయిడ్ ఎరుపును అణుస్తుంది, పక్కనే ఉన్న నియోమైసిన్ మళ్లీ రేపుతుంది. తగ్గిందని రాస్తాం, పెరిగిందని ఇంకా రాస్తాం. చేతులతో ముట్టుకున్న మెడకూ, రెప్పలకూ అదే అంటింది.

"మందుకూ లేబుల్ ఉంటుంది నాయనా, సబ్బుకున్నట్టే" అంది. నమ్మకం కోసం ఆ ట్యూబుకే ముప్పై అయిదో నంబరు వేసి, మోచేతి లోపల చిన్న వృత్తంలో నాలుగు రోజులు రాసి చూడమంది. మూడో రోజుకే ఆ వృత్తం అచ్చు గీసినట్టు లేచింది.

మా పనిలో మొదటి ఏడాది నేర్పే పాఠం ఒకటుంది. కొలత తేడాగా వస్తే పైపును విప్పేముందు చేతిలోని మీటరును పరీక్షించుకో. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ పాఠం చెప్పేది నేనే.

ఆ ఆదివారం గది బయటికి రాగానే సుందరమ్మ కనబడింది. గురువారం వాళ్ల మేడమ్‌కు వీలుకాక ఈరోజు వచ్చారట, నాకంటే ముందే చూపించుకుని మేడమ్ కోసం కూర్చుని ఉంది. నా సంగతి నాకు తేలింది, కానీ ఈమె మందును తీయించి సంచిలో పెట్టించింది నేను. ఆమె కూడా నాలాగే ఇంటికి పంపేస్తారని భయపడే మనిషి.

"అమ్మా, మీకు నేను తప్పు చెప్పాను. ఆ ట్యూబు చూపించాల్సింది. ఇప్పుడైనా డాక్టరమ్మకు ఇవ్వండి."

ఆమె నావైపు చూసి నెమ్మదిగా నవ్వింది.

"అదాండీ? అదారోజే చూపించేసేనండి."

"నేను వద్దన్నాను కదమ్మా."

"మీరు వద్దన్నారండి. లోపలికెళ్లేక అనుకున్నాను, కుర్రాడు చదువుకున్నోడే, కానీ చేతులు కాలింది నాయి కదా అని. సంచి మొత్తం బల్లమీద బోర్లించేసేనండి." చుట్టిన గుడ్డ విప్పి చేయి చూపించింది. "నాకు రబ్బరే పడదంటండి. నూలు గ్లవ్స్ లోపలేసుకుని వేరే రకం వేసుకోమన్నారు. మేడం కొంటానంది. మీకేం తేలిందండి?"

"మందు" అన్నాను.

ఆమె నవ్వలేదు. "పోన్లెండి బాబూ. ఎవరో ప్రేమగానే ఇచ్చుంటారు" అంది.

ఆ మాట విన్నాకే నాకు రేష్మా గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం, ఆ తర్వాత

"రాస్తివా?" అంది, ఫోన్ ఎత్తగానే.

చెప్పాను. వరసలోనే చెప్పాను, గడి, పేరు, ట్యూబు. సగంలోనే ఆమె ముఖం మారిపోయింది. నేను ముగించేసరికి తెరమీద ఇంటి పైకప్పు కనబడుతోంది. ఫోన్ మంచం మీద పడేసినట్టుంది.

"ఎనిమిది ట్యూబులు పంపిస్తినే" అంది. మనిషి కనబడలేదు, గొంతు మాత్రమే. "ఆ కండ్లు ఉబ్బింది గూడా నాతోనేనా?"

కళ్ల సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసు. దస్తగిరన్న చెప్పాడట. నీతో కాదు, మందుతో అన్నాను. ఆమె కాల్ కట్ చేసింది.

మర్నాడు మెడికల్ షాపుకు పోయి, అదే మందు అట్టపెట్టె విప్పించి, లోపలి కాగితం తీసుకుని చదివించుకుని వచ్చిందట. సాయంత్రం కోపంగా ఫోన్ చేసింది.

"రాస్తే ఎక్కువైతే ఆపేయమని రాసుండాదబ్బా ఇందులో. సన్న అక్షరాలు. ఈ కాగితాలన్నీ తీసేయమని మెసేజ్ పెట్టిందెవరు?"

"నేనే."

"గ్రాములు గ్రాములు అని పానం తీసిందెవరు?"

"నేనే."

"మరి నన్నొక్కదాన్నే ఏడ్పిస్తివే రాత్రంతా."

పక్క మంచం మీదనుంచి దస్తగిరన్న గట్టిగా అన్నాడు, "ఇంకో రెండు తిట్టమ్మా, తక్కువైనాయి." ఆమె నవ్వింది. ఆ నవ్వులో ముక్కు చీదుకున్న చప్పుడు కూడా ఉంది. అప్పటినుంచి మా క్యాంపు మెసేజ్‌లో మొదటి నియమం మార్చాను. మందు ఏదైనా పెట్టెతో, కాగితంతో సహా రావాలి. వేరేది ఏదైనా తగ్గించుకుంటాం.

డాక్టరమ్మ ఇచ్చిన మందు, వాసన లేని వాసలీను, గ్లవ్స్ లోపల నూలు తొడుగు. అంతే. మొదటి వారం కనురెప్పలు, రెండో వారం మెడ. చేతులు మాత్రం నిదానంగా, బెట్టు చేసి, అయిదో వారానికి దారికొచ్చాయి.

ఆ రోజుల్లో మా కాల్స్‌లో ఒక ఖాళీ వచ్చింది. హలో అన్నాక ఆ ప్రశ్న ఉండేచోట ఇద్దరం ఆగిపోయేవాళ్లం. ఆమె నోరు తెరిచి, మూసి, "తింటివా?" అనేది. తిన్నానని చెప్పేవాణ్ణి. ఆ ఖాళీని నింపడానికి ఏ మాట సరిపోయేది కాదు.

ఫిబ్రవరి చివరి వారంలో కంపెనీ డాక్టరు నా చేతులు ఇటూ అటూ తిప్పి, జిద్దా కాగితం రెండుసార్లు చదివి, సంతకం చేశాడు. ఫిట్. ఆ మధ్యాహ్నమే కాంట్రాక్టు కాగితం, దాని వెనకే విజిట్ వీసా దరఖాస్తు. సాయంత్రం గదికి వచ్చి ఫోన్ చేశాను. సంతకం సంగతి చెప్పబోతుంటే ఆమె ఆపింది.

"ముందు చేతులు చూపించు."

అరచేతులు చూపించాను. తిప్పి వెనకవైపు చూపించాను. వేళ్లు ఒక్కొక్కటే వంచాను, చిట్లలేదు.

"దగ్గరికి పెట్టు."

పెట్టాను.

"ఇంకా."

అరచేతిని కెమెరాకు ఆనించాను. అక్కడ ఆమె తెర నల్లబడిపోయి ఉండాలి, ఏమీ కనబడుతూ ఉండదు. తీయమని ఆమె అనలేదు. నేనూ తీయలేదు.